టీకా కంటే ముందే ఒంట్లో చేరినవి

వానలు పడితే హైదరాబాద్ హైటెక్ సిటీ చుట్టుపక్కల డెంగీ కాలం వచ్చినట్టే. సెల్లార్లలో, కడుతున్న భవనాల గుంతల్లో నిలిచిన నీళ్లలో ఏడిస్ దోమ పెరుగుతుంది. అద్దాల మేడలో ఇంజినీరునూ కుడుతుంది, పక్క సైటులో ఇటుకలు మోసే ఒడిశా కూలీనీ కుడుతుంది. ఆ కూలీ ఒంట్లో సొంతూరి మలేరియా కూడా ఉండొచ్చు. రెండింటిలోనూ జ్వరం మండుతుంది, ప్లేట్‌లెట్లు పడిపోతాయి. డెంగీ తేలిందని అక్కడితో ఆగితే, మందు ఉన్న మలేరియా కనబడకుండా మెదడుకో కిడ్నీలకో ఎక్కి ప్రాణం తీయొచ్చు.

ఒకేసారి సోకిన జబ్బే కాదు, ముందు వచ్చి పోయిన జబ్బూ చిక్కు తెస్తుంది. డెంగీలో నాలుగు రకాలున్నాయి. ఒకటి వచ్చి తగ్గాక వేరే రకం సోకితే, పాత యాంటీబాడీలే కొత్త వైరస్‌ను కణాల్లోకి చేర్చే ప్రమాదముంది. ఈ చిక్కు టీకాకూ చుట్టుకుంది. ఫిలిప్పీన్స్‌లో 2016 నుంచి 8 లక్షలకు పైగా పిల్లలకు డెంగ్వాక్సియా అనే డెంగీ టీకా వేశారు. అంతకుముందు డెంగీ రానివారికి ఆ టీకాయే మొదటి డెంగీలా పనిచేసి, తర్వాత అసలు జబ్బు తీవ్రం కావచ్చని 2017 నవంబరులో తయారీ సంస్థే ప్రకటించింది. హైదరాబాద్‌కు చెందిన బయోలాజికల్ ఇ, టకేడా వారి డెంగీ టీకా తయారీకి 2024 ఫిబ్రవరిలో ఒప్పందం చేసుకుంది. కాబట్టి ఇది మన ఊరి విషయం కూడా.

పేగుల్లో కథ వేరు. పోలియో చుక్కల్లోని బలహీన వైరస్ పేగుల్లో పెరిగితేనే రక్షణ. అక్కడ వేరే వైరస్‌లు తిష్ఠ వేసుంటే, జనం కిక్కిరిసిన బస్సులో కొత్తవారికి చోటు దొరకనట్టే. ఒక్కో డోసు ఫలితం ఉత్తరప్రదేశ్‌లో 9 శాతమే, బిహార్‌లో 18, మిగతా దేశంలో 21 అని 2006 నాటి ఒక అధ్యయనం లెక్కగట్టింది. అందుకే అక్కడి పిల్లలకు అన్నిసార్లు చుక్కలు వేయాల్సి వచ్చింది.

జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ తయారుచేసిన రోటా వైరస్ టీకా రోటావాక్‌దీ ఇదే బాట. సంపన్న దేశాల్లో రోటా టీకాలు ఆ వైరస్ తెచ్చే తీవ్ర విరేచనాలను 85 శాతం పైగా ఆపితే, మన దేశపు పరీక్షల్లో ఇది తొలి ఏడాది 56 శాతం ఆపింది. తక్కువే అనిపిస్తుంది. కానీ టీకా రాకముందు రోటా వైరస్ దేశంలో ఏటా దాదాపు 78 వేల మంది పసివాళ్లను మింగేది. అంత చావున్న చోట సగం ఆపినా ఎన్ని ప్రాణాలో! రోటా టీకాను 2016లో సార్వత్రిక టీకాల్లో చేర్చిన తొలి రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

మరి పేగులు ముందే శుభ్రం చేస్తే? ఈక్వడార్‌లో నులిపురుగులున్న పిల్లలకు అల్బెండజోల్ ఇచ్చాక కలరా టీకా బాగా పట్టింది. వెల్లూరులో పసిపిల్లలకు అజిత్రోమైసిన్ ఇచ్చి చూస్తే బాక్టీరియా తగ్గింది గానీ, పోలియో చుక్కలకు స్పందన పెరగలేదు. వైరస్‌లపై ఆ మందు పనిచేయదు మరి. మాత్రతో తీరనిచోట తాగునీరూ మరుగుదొడ్డీ కావాలి. గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ సైట్ల పక్క రేకుల షెడ్లలో పెరిగే పిల్లలకు టీకా కార్డుతో పాటు అవీ అందాలి.