పెన్సిల్‌తో రాసిన అర్జీ

1961లో ఫ్లోరిడాలోని పనామా సిటీలో ఒక పూల్ హాల్‌లో దొంగలు పడ్డారు. పోలీసులు క్లారెన్స్ గిడియన్‌ను పట్టుకున్నారు. చేతిలో చిల్లిగవ్వ లేదు. లాయర్‌ను ఇప్పించమని కోర్టును వేడుకున్నాడు. మరణశిక్ష పడే కేసులకే ఆ వీలుందని జడ్జి తేల్చేశారు. తన కేసు తానే వాదించుకుని ఓడిపోయాడు. అయిదేళ్ల జైలు.

జైల్లోనే గీతల కాగితం మీద పెన్సిల్‌తో సుప్రీంకోర్టుకు అర్జీ రాసుకున్నాడు. కోర్టు దాన్ని విచారణకు తీసుకుని, పేరుమోసిన లాయర్ ఏబ్ ఫోర్టస్‌ను అతని తరఫున నియమించింది.

1963 మార్చి 18న తొమ్మిదిమంది జడ్జీలూ ఒక్క మాట మీద నిలిచారు. తీవ్ర నేరారోపణ ఎదుర్కొనే పేదలకు రాష్ట్రమే లాయర్‌ను ఇవ్వాలన్నారు.

ఆగస్టులో మళ్లీ విచారణ. స్థానిక లాయర్ ఫ్రెడ్ టర్నర్ క్రాస్ ఎగ్జామినేషన్‌లో ప్రధాన సాక్షిని ఉక్కిరిబిక్కిరి చేశారు. గిడియన్ నిర్దోషి అని తేల్చడానికి జ్యూరీకి పట్టింది దాదాపు గంట.