వేలంలో మిగిలినవాడు

నరసరావుపేటలో సాయంత్రం పూట ఏ గ్రౌండుకు వెళ్ళినా ఒక తంతు కనిపిస్తుంది. ఇద్దరు కెప్టెన్లు ఎదురెదురుగా నిలబడి ఒక్కొక్కణ్ణీ పిలిచి తమ వైపు కలుపుకుంటుంటారు. సిక్సర్లు బాదేవాడు ముందు పోతాడు. తర్వాత స్పీడుగా బంతి వేసేవాడు. సొంత బ్యాటు ఉన్నవాడికి ఎలాగూ చోటుంటుంది. చివరికి ఒక కుర్రాడు మిగులుతాడు. వాణ్ణి ఎవరూ పేరు పెట్టి పిలవరు. మిగిలాడు కాబట్టి ఏదో ఒక జట్టులో కలుస్తాడు. ఆటలో అరటిపండు. వాడికి బ్యాటు చేతికొచ్చేసరికి చీకటి పడుతుంటుంది. వచ్చిన బంతిని బుద్ధిగా అడ్డుకున్నాడా, చుట్టూ గోల మొదలు: "ఏందిరా ఆ జిడ్డు? కొడితే కొట్టు, లేకపోతే అవుటై రా!"

ఆ 'జిడ్డు' అనే మాట గురించే ఈ కథనం. ఆ మాటను జీవితమంతా మోసిన ఒక తెలుగు ఆటగాడి గురించి. పేరు గాదె హనుమ విహారి. 1993 అక్టోబరు 13న కాకినాడలో పుట్టాడు.

2021 జనవరి 11. సోమవారం. మరో రెండు రోజుల్లో భోగి. సిడ్నీలో టెస్టు చివరి రోజు ఆట మనకు తెల్లవారకముందే మొదలైంది. మిరప కోతలకు మనుషులు బయల్దేరే వేళ టీ కొట్టులో టీవీ ముందు నలుగురం కూర్చున్నాం. భారత్ లక్ష్యం 407. పంత్ 97 కొట్టి అవుటయ్యే దాకా కొట్టంతా కేకలే. పుజారా 77 దగ్గర బౌల్డ్ అయ్యాక స్కోరు 5 వికెట్లకు 272. జడేజా బొటనవేలు విరిగి ఉంది. క్రీజులో ఉన్న విహారి అప్పటికే ఒక పరుగు కోసం పరిగెత్తుతూ తొడ వెనక కండరం చింపుకున్నాడు. నడిస్తేనే కుంటుతున్నాడు. జోడీగా వచ్చిన అశ్విన్‌కు ఆ ఉదయం నడుము నొప్పితో వంగి బూటు తాడు కట్టుకోవడం కూడా కష్టమైంది. "అయిపోయింది బాబాయ్, గంటలో ముగుస్తుంది" అని ఒకాయన లేచి పొలం వెళ్ళిపోయాడు.

ఆయన వెళ్ళాక జరిగింది నేను మరచిపోలేను. కాలు ముందుకు చాచలేని విహారి ఫాస్ట్ బౌలర్లను తీసుకున్నాడు. వేగమైన బంతికి వంగలేని అశ్విన్ స్పిన్నర్ లయన్‌ను తీసుకున్నాడు. ఎవరి నొప్పిని బట్టి వాళ్ళు పని పంచుకున్నారు. చెన్నై లీగుల్లో ఆడి తమిళం తెలిసిన విహారికి అశ్విన్ అవతలి వైపు నుంచి తమిళంలోనే చెబుతున్నాడు, పదేసి బంతుల చొప్పున ఆడదామని. ఒక్కొక్క బంతీ చూడండి. స్టార్క్ వేస్తాడు. విహారి వెనక్కి జరుగుతాడు, తల బంతి మీదికి వస్తుంది, బ్యాటు పట్టిన కింది చెయ్యి వదులవుతుంది. బంతి తగిలిన చప్పుడు కూడా సరిగా వినపడదు. కాళ్ళ ముందే పడి చచ్చిపోతుంది. షార్ట్ లెగ్‌లో వాడు చేతులు చాచి అలాగే ఉండిపోతాడు. మళ్ళీ గార్డు. మళ్ళీ బంతి. గట్టిగా కొట్టడం కంటే గట్టిగా తగలనివ్వకపోవడం కష్టం. బ్యాటు పట్టినవాళ్ళెవరినైనా అడగండి.

దెబ్బ తిన్న కాలితో దాదాపు మూడున్నర గంటలు. 161 బంతులు, 23 పరుగులు, నాటౌట్. అశ్విన్ 128 బంతుల్లో 39. ఇద్దరూ విడిపోకుండా 62 పరుగులు జోడించారు. ఆట ముగిసేసరికి 5 వికెట్లకు 334, మ్యాచ్ డ్రా. ఆఖర్లో ఒక క్యాచ్ వికెట్ కీపర్ పెయిన్ చేతుల్లోంచి జారింది. ఆ అదృష్టం కూడా దాచనక్కర్లేదు. సిరీస్ 1-1 దగ్గర బతికి, ఎనిమిది రోజుల తర్వాత బ్రిస్బేన్‌లో మనదైంది. బ్రిస్బేన్ ఆటను సినిమా చూసినట్టు పదేపదే చూస్తాం. దానికి దారి తెరిచినవాడు మాత్రం ఆ రోజు జట్టులో లేడు, గాయంతో బయట కూర్చున్నాడు.

అతను ఇంకా ఆడుతుండగానే అప్పటి కేంద్ర మంత్రి ఒకాయన ట్విట్టర్‌లో తిట్టిపోశారు. 109 బంతుల్లో 7 పరుగులా, క్రికెట్‌ను చంపేశాడని. పేరు కూడా తప్పు రాశారు, 'బిహారి' అని. రెండు రోజుల తర్వాత విహారి బదులిచ్చాడు. తన పేరు సరిగ్గా రాసి పెట్టాడు, అంతే. ఆ జవాబు కూడా అతని ఆట లాంటిదే.

ఆరు వారాలు తిరక్కుండానే, ఫిబ్రవరి 18న చెన్నైలో ఐపీఎల్ వేలం జరిగింది. దక్షిణాఫ్రికా ఆల్‌రౌండర్ క్రిస్ మోరిస్‌ను 16 కోట్ల 25 లక్షలకు రాజస్థాన్ కొనుక్కుంది. సిడ్నీ వీరుల్లో పుజారాను కూడా చెన్నై 50 లక్షలకు తీసుకుంటే హాలంతా చప్పట్లు కొట్టింది. విహారి పేరు చదివారు. ఒక్క చెయ్యి లేవలేదు. అంతకుముందు 2019 డిసెంబరు వేలంలోనూ అంతే, 2022లోనూ అంతే. న్యాయంగా చెప్పాలంటే ఫ్రాంచైజీల లెక్క వాళ్ళకుంది. హైదరాబాద్‌కు, ఢిల్లీకి కలిపి 24 మ్యాచ్‌లు ఆడి అతను చేసినవి 284 పరుగులు, అదీ వంద బంతులకు 88 చొప్పున. ఇరవై ఓవర్ల ఆటకు ఆ వేగం చాలదు. వాళ్ళ త్రాసులో అతను తూగడు, అది అబద్ధం కాదు. నా బాధల్లా, ఆ ఒక్క త్రాసుతోనే మనమూ మనుషుల్ని తూస్తున్నామని. మా గ్రౌండులో కుర్రాళ్ళు జట్లు పంచుకునే తీరు వాళ్ళకెవరు నేర్పారు?

అందరూ ఐపీఎల్ జట్లతో ఉన్న 2021 ఏప్రిల్‌లో విహారి ఇంగ్లండ్ వెళ్ళి వార్విక్‌షైర్ తరఫున కౌంటీ ఆడాడు. చలిలో, స్టూవర్ట్ బ్రాడ్ ఎదుట మొదటి ఇన్నింగ్స్‌లో 23 బంతులాడి సున్నాకు అవుటయ్యాడు. 2022లో ఢాకా ప్రీమియర్ లీగ్‌కు వెళ్ళాడు. పని ఎక్కడుంటే అక్కడికి. మా వైపు నీళ్ళు రాని ఏడు కూలికి వలస పోయేవాళ్ళు నాకు గుర్తొచ్చారు.

పిలుపు రాకుండా మిగిలిపోయినవాళ్ళ కథల్లో అన్నిటికంటే పెద్దది అమెరికాలో ఉంది. బాస్కెట్‌బాల్ అనగానే మనకు హైస్కూల్ గ్రౌండులో తుప్పు పట్టిన రింగు గుర్తొస్తుంది గానీ అక్కడ అది కోట్ల డాలర్ల ఆట. ఏటా ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో జట్లు వంతులవారీగా కుర్రాళ్ళ పేర్లు పిలుస్తాయి. 1996లో రెండు రౌండ్లు అయిపోయినా బెన్ వాలెస్ పేరు ఎవరూ పిలవలేదు. అలబామాలో పత్తి పండే సీమలో వైట్ హాల్ అనే చిన్న ఊరివాడు, పదకొండు మంది సంతానంలో పదోవాడు. బంతి వెయ్యడం అంతంతమాత్రం. జీవితమంతా కలిపి మ్యాచ్‌కు సగటున 5.7 పాయింట్లే. కానీ ఎదుటివాణ్ణి వెయ్యనివ్వడు. ఉత్తమ డిఫెండర్ అవార్డు నాలుగు సార్లు గెలిచాడు. 2004 ఫైనల్స్‌లో షాక్, కోబీ ఉన్న లేకర్స్‌ను డెట్రాయిట్ 4-1తో మట్టికరిపించినప్పుడు రింగు కింద గోడ అతనే. 2021లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. డ్రాఫ్ట్‌లో పిలుపు రానివాడు ఆధునిక కాలంలో అక్కడికి చేరడం అదే మొదలు. విహారికీ అతనికీ పోలిక ఒకంతవరకే. వాలెస్‌కు ఆపడమే ఉద్యోగంగా ఇచ్చిన జట్టు దొరికింది.

విహారి మొదట్నుంచీ పరుగులు చెయ్యలేని వాడేమీ కాదు. పన్నెండేళ్ళప్పుడు తండ్రి పోయాడు. తల్లి పెంచింది. సికింద్రాబాద్‌లో జాన్ మనోజ్ దగ్గర, లక్ష్మణ్, మిథాలీ ఆడిన అకాడమీలో పాఠాలు. 2012లో అండర్-19 ప్రపంచకప్ గెలిచిన జట్టులో సభ్యుడు. హైదరాబాద్ నుంచి ఆంధ్రకు మారాక 2017లో విజయనగరంలో ఒడిశాపై 302 నాటౌట్. 2018లో పిలుపు వచ్చేనాటికి అతని ఫస్ట్‌క్లాస్ సగటు 60కి దగ్గర్లో ఉంది. అప్పుడు సెలెక్షన్ కమిటీ చైర్మన్ ఎమ్మెస్కే ప్రసాద్, మన గుంటూరు-సత్తెనపల్లి దారిలోని మేడికొండూరులో పుట్టినవాడు. అప్పటికి ఆంధ్ర నుంచి టెస్టు ఆడిన చివరివాడు ఆయనే, 2000 జనవరిలో. పద్దెనిమిదేళ్ళ తర్వాత ఓవల్‌లో విహారి. తొలి ఇన్నింగ్స్‌లో 56 పరుగులు చేసి, బంతి అందుకుని శతకాలు దాటిన రూట్‌ను, కుక్‌ను వరుస బంతుల్లో పంపాడు.

తర్వాత మూడున్నర నెలలకే మెల్‌బోర్న్‌లో అలవాటు లేని ఓపెనింగ్ ఇచ్చారు. ఆడాడు. 66 బంతుల్లో 8. స్కోరుబోర్డులో చూస్తే ఏమీ లేదు, కానీ కొత్త బంతి పదును ఆ 66 బంతుల్లో కొంత పోయింది. మన జట్టు 443 కొట్టి ఆ మ్యాచ్ గెలిచింది. 2019లో జమైకాలో 111 చేసి, ఆ శతకాన్ని తండ్రికి అంకితమిచ్చాడు. అయినా ఏ సిరీస్‌లోనూ చోటు ఖాయం కాలేదు. స్వదేశంలో అదనపు బౌలర్ కావాలంటే మొదట అతన్నే తప్పించేవాళ్ళు. సిడ్నీ తర్వాత మళ్ళీ టెస్టు ఆడడానికి ఏడాది పట్టింది. 2022 జులైలో బర్మింగ్‌హామ్‌లో ఆడిందే ఇప్పటికి ఆఖరు. 16 టెస్టులు, 839 పరుగులు.

పల్నాడులో వీరులకు కొదవ లేదు. కారంపూడి తిరునాళ్ళలో ఇప్పటికీ పాడుకునేది కత్తి దూసి ముందుకు దూకిన బాలచంద్రుణ్ణే. దూకేవాడి మీద మనకున్న ప్రేమ అలాంటిది. కానీ మాచర్ల దాటి విజయపురి సౌత్ వెళ్ళి చూడండి. 124 మీటర్ల ఎత్తున రాతికట్టు ఒకటి కదలకుండా నిలబడి కృష్ణను ఆపుతోంది. అది ఆపబట్టే కుడి కాలువలో నీళ్ళు, మన మిరపలో కారం. ఆపడం చేతగానితనం అని ఈ నేల మీద పుట్టినవాళ్ళు అనకూడదు.

ఇండోర్ గురించి చెప్పకుండా ముగించలేను. 2023, రంజీ క్వార్టర్ ఫైనల్, ఎదుట మధ్యప్రదేశ్. ఆంధ్ర కెప్టెన్ విహారి 16 పరుగుల మీదుండగా అవేశ్ ఖాన్ బౌన్సర్ ఎడమ మణికట్టుకు తగిలింది. ఎముక విరిగింది. రికీ భుయ్, కరణ్ షిండే శతకాలు కొట్టారు. మర్నాడు స్కోరు 9 వికెట్లకు 353. ఇక ఇన్నింగ్స్ ముగిసిందని అందరూ అనుకుంటుండగా విహారి మెట్లు దిగి వచ్చాడు, చేతికి కట్టుతో. వచ్చి అటు తిరిగి నిలబడ్డాడు. కుడిచేతి వాటం బ్యాటర్‌కు ఎడమ చెయ్యే బౌలర్ వైపు ఉంటుంది. విరిగింది అదే. అందుకని జీవితంలో మొదటిసారి మ్యాచ్‌లో ఎడమచేతి వాటంగా గార్డు తీసుకున్నాడు, విరిగిన చెయ్యి ఒంటి వెనక్కి పోయేలా. దాదాపు కుడి చెయ్యి ఒక్కదానితోనే అవేశ్‌ను ఎదుర్కొన్నాడు. తన స్కోరును 27కు, జట్టు స్కోరును 379కి చేర్చాడు.

రెండో ఇన్నింగ్స్‌లో ఆంధ్ర 93కే కూలింది. అందులో పదకొండో వాడిగా మళ్ళీ అదే కట్టుతో, అదే ఎడమచేతి వాటంతో వచ్చి 16 బంతుల్లో 15 కొట్టాడు. మధ్యప్రదేశ్ 5 వికెట్ల తేడాతో గెలిచింది. చెయ్యి అతికింది. జులైలో బెంగళూరులో సౌత్ జోన్ కెప్టెన్‌గా దులీప్ ట్రోఫీ ఎత్తాడు. ఆ ఫైనల్లో కుడిచేతి వాటంగానే ఆడి, తొలి ఇన్నింగ్స్‌లో 63 చేశాడు.