పాత రోబోను అప్పుడే విప్పకండి

అమెరికాలో హైస్కూలు పిల్లలు రోబోటిక్స్ జట్టులో ఉన్న తెలుగు ఇళ్ళలో జనవరి వస్తే భోజనం వేళలు తప్పుతాయి. ఫస్ట్ రోబోటిక్స్ పోటీలో ఆ ఏటి ఆట ఏమిటో ఆ నెల మొదట్లోనే ప్రకటిస్తారు. 2025లో పీవీసీ గొట్టాలను ఎత్తి కొమ్మల్లాంటి కడ్డీలకు తొడగమన్నారు. ఏటా ఆట మారుతుంది. ముందుగా బరిలోకి దిగే జట్లకు రెండు నెలల వ్యవధి కూడా దొరకదు.

అలాంటప్పుడు వేసవిలోనే రోబోను కట్టి పెట్టుకోవచ్చు కదా? కుదరదు. ఆట ఏమిటో తెలియదు. పైగా జట్టు సొంతంగా తయారుచేసే భాగాలు సాధారణంగా ప్రకటన తర్వాత చేసినవే అయి ఉండాలి. ముందే రాసుకున్న ప్రోగ్రామును వాడాలంటే ప్రకటనకు ముందే దాన్ని అందరికీ అందుబాటులో పెట్టాలి. నాకు ఎంతో నచ్చిన నిబంధన ఇది. పెద్ద జట్టు నేర్చుకున్నది కొత్త జట్టుకూ అందుతుంది.

అంచేత సెలవుల్లో కూడబెట్టుకోగలిగింది పనితనమే. నన్నడిగితే అందుకు పాత రోబోను మించిన గురువు లేదు. 2025 మ్యాచ్ రెండున్నర నిమిషాలు. మొదటి 15 సెకన్లు రోబో తనంతట తానే కదలాలి, ఆ తర్వాత డ్రైవర్ల చేతికి వస్తుంది. సీజన్లో రోబో పూర్తయ్యేసరికే గడువు ముంచుకొస్తుంది. డ్రైవర్‌కు చేయి తిరిగే వ్యవధి ఉండదు. ఆ సాధన వేసవిలోనే జరగాలి.

పాత రోబో నేర్పేది డ్రైవింగ్ ఒక్కటే కాదు, బ్యాటరీనే చూడండి. రోబో మొత్తానికీ 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ ఒక్కటే ఆధారం. మోటార్లన్నీ ఒకేసారి కరెంటు లాగితే వోల్టేజి పడిపోతుంది. అది మరీ కిందికి దిగితే రోబోను నడిపే రోబోరియో కంట్రోలర్ తాను ఆగిపోకుండా ఉండేందుకు మోటార్లను ఆపేస్తుంది. రోబో ఆగి ఆగి కుదుపులతో కదులుతుంది. పిల్లలు ప్రోగ్రాములో తప్పు వెతుకుతారు. తీరా చూస్తే బ్యాటరీ టెర్మినల్ దగ్గర బోల్టు వదులై ఉంటుంది, వైరు పట్టుకుని కదిపితే ఊగుతుంది. ఫుల్ చార్జి చూపించే పాత బ్యాటరీ కూడా లోపలి రెసిస్టెన్స్ పెరిగితే ఇలాగే మోసం చేస్తుంది. ప్రతి బ్యాటరీకీ నంబరు వేసి, రెసిస్టెన్స్ కొలిచి రాసిపెట్టడం కొత్తగా చేరిన పిల్లలకు చక్కటి తొలిపాఠం.

వేసవిలో, శరదృతువులో ఆఫ్ సీజన్ పోటీలూ జరుగుతాయి. ఇండియానా రోబోటిక్స్ ఇన్విటేషనల్ వాటిలో పేరున్నది. ఇలాంటి చోట గెలుపోటముల ప్రభావం అసలు సీజన్ మీద పడదు. కొత్త డ్రైవర్‌కు అవకాశమివ్వడానికి ఇంతకన్నా మంచి తరుణం లేదు. వేసవి దాటితే సీనియర్లు కాలేజీలకు వెళ్ళిపోతారు, వైరింగ్ చేతనైన అమ్మాయితో పాటు ఆ విద్యా వెళ్ళిపోతుంది. మీ పిల్లల జట్టు విడిభాగాల కోసం పాత రోబోను విప్పబోతుంటే, ఆ అమ్మాయి దగ్గర జూనియర్లు పని నేర్చుకునేదాకా ఆగమని చెప్పండి.