విసిరిన బంతి తిరిగి రావాలంటే

మీరు బంతి విసురుతారు. కుక్క పరుగెత్తి నోట కరుచుకుంటుంది, కానీ దగ్గరకు రాదు. వెంటబడితే మరింత దూరం పోతుంది. దానికి అదే ఆట!

కర్ణాటకలోని ముధోళ్ వేటకుక్కనే తీసుకోండి. కదిలేదాన్ని కంటితో చూసి తరమడం దానికి పుట్టుకతో వచ్చిన విద్య. తెచ్చి ఇవ్వడం మాత్రం మనం నేర్పాల్సిందే. ఊరకుక్కకైనా అంతే.

ముందు వసారాలో మొదలుపెట్టండి. పాత గుడ్డను గట్టిగా ముడివేసి నేలమీద ఈడ్చండి. కుక్క పట్టుకుంటే కాసేపు లాగనివ్వండి. తర్వాత నాలుగడుగుల దూరం విసరండి. అది నోట పట్టగానే మీరు వెనక్కి నడుస్తూ పిలవండి, మీ వెంట వస్తుంది. వచ్చాక గుడ్డ లాక్కోకండి. ముక్కు దగ్గర జొన్నరొట్టె ముక్క పెడితే తానే వదులుతుంది. అప్పుడే "వదులు" అనండి. తెలుగైనా కన్నడమైనా ఫరవాలేదు, ఇంటిల్లిపాదీ ఒకే మాట అనాలి. వెంటనే గుడ్డ మళ్లీ విసరండి. ఇచ్చేస్తే ఆట ఆగిపోదని దానికి తెలియాలి, కిటుకంతా అక్కడే ఉంది.

ఆలస్యంగా వచ్చిందని కొట్టారా, వచ్చినందుకే దెబ్బ పడిందనుకుంటుంది. మర్నాడు రమ్మన్నా రాదు.

రాళ్లు విసరకండి, పళ్లు విరుగుతాయి. మరీ చిన్న బంతి గొంతుకు అడ్డుపడవచ్చు. ఎండ తగ్గాక పది నిమిషాలు ఆడించి, ఇంకా కావాలని చూస్తుండగానే ఆపేయండి.