పసిపిల్లలకు టి.బి. రక్తపరీక్ష ఏం చెబుతుంది?

ఇంట్లో నాన్నకో, నాయనమ్మకో ఊపిరితిత్తుల టి.బి. అని తేలగానే తల్లులు అడిగే మొదటి మాట: "మా బాబుకు రక్తపరీక్ష చేయిస్తే తెలిసిపోతుంది కదండీ?" దీనికి సరైన జవాబు తెలిస్తే చండ్రుగొండ నుంచి ఖమ్మం దాకా తిరిగే ఖర్చు తగ్గుతుంది. అంతకన్నా ముఖ్యం, బిడ్డకు అందాల్సిన మందు ఆలస్యం కాదు.

క్రిమి వేరు, జబ్బు వేరు

టి.బి. క్రిమి ఒంట్లో చేరిన ప్రతివారికీ జబ్బు రాదు. పెద్దవారిలో నూటికి 5 నుంచి 10 మందికే జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు జబ్బుగా మారుతుంది. మిగిలినవారిలో క్రిమి నిద్రపోయినట్లు ఉంటుంది. ఐదేళ్ళలోపు పిల్లల సంగతి అలా కాదు. వారిలో కొద్ది నెలల్లోనే జబ్బు బయటపడవచ్చు, మెదడు పొరలకూ పాకవచ్చు.

ఏ పరీక్ష ఏం చూస్తుంది?

మాంటూ పరీక్షలో ముంజేతి చర్మంలోకి మందు ఎక్కించి, రెండు మూడు రోజుల తర్వాత గట్టిపడిన వాపును కొలుస్తారు. బి.సి.జి. టీకా వేసిన బిడ్డకు ఆ టీకా వల్ల కూడా వాపు రావచ్చు. 'ఇగ్రా' అనే రక్తపరీక్షకు ఆ ఇబ్బంది లేదు. మన తెల్లకణాలు టి.బి. క్రిమిని ఇంతకుముందే ఎరుగునా అని అది చూస్తుంది.

అయితే ఈ రెండు పరీక్షలూ క్రిమి చేరిందా అన్నదే చెబుతాయి, జబ్బు ఉందా లేదా అన్నది చెప్పలేవు. క్రిమి చేరిన కొత్తలో కొన్ని వారాలపాటు ఫలితం నెగటివ్‌గానే రావచ్చు. బాగా చిన్న పిల్లల్లో, బరువు తక్కువ ఉన్న పిల్లల్లో ఇగ్రా ఎటూ తేలకపోవచ్చు.

టి.బి. జబ్బును కనిపెడతామంటూ యాంటీబాడీలను చూసే మరో రకం రక్తపరీక్షలు ఒకప్పుడు బజారులో ఉండేవి. అవి తప్పు ఫలితాలిస్తున్నాయని భారత ప్రభుత్వం 2012లో వాటిని నిషేధించింది.

మరి ఏం చేయాలి?

ఇంట్లో ఊపిరితిత్తుల టి.బి. రోగి ఉంటే ఐదేళ్ళలోపు పిల్లలందరినీ వెంటనే ఆస్పత్రికి తీసుకురండి. డాక్టరుగారు బిడ్డను చూసి, అవసరమైతే ఎక్స్‌రే తీయించి, జబ్బు లేదని నిర్ధారిస్తారు. ఆ తర్వాత, రక్తపరీక్ష లేకపోయినా, జబ్బు రాకుండా ఆపే మందు మొదలుపెట్టవచ్చునని జాతీయ టి.బి. కార్యక్రమం చెబుతోంది. సాధారణంగా ఐసోనియాజిడ్ మాత్రను బిడ్డ బరువును బట్టి ఆరు నెలలు రోజూ ఇస్తారు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఇది ఉచితం.

"బిడ్డ ఆడుకుంటూనే ఉన్నాడు, మందెందుకు?" అని మధ్యలో ఆపకండి. బాగున్నప్పుడు వేసే మందే ఇది. వాంతులు, కళ్ళు పచ్చబడటం కనిపిస్తే మాత్రం మందు ఆపి, ఆ రోజే డాక్టరుకు చూపించండి.

ఈ లక్షణాలు గమనించండి

- రెండు వారాలు దాటిన దగ్గు లేదా జ్వరం
- బరువు పెరగకపోవడం, తగ్గిపోవడం
- ఆటల మీద ఆసక్తి పోవడం
- మెడ దగ్గర తగ్గని గడ్డలు

వీటిలో ఒక్కటి ఉన్నా, రక్తపరీక్ష నెగటివ్ అని కాగితం చేతిలో ఉన్నా, ఆలస్యం చేయకండి. ఇంట్లో ఎవరికి టి.బి. ఉందో డాక్టరుకు దాచకుండా చెప్పండి. మీరు చెప్పే ఆ ఒక్క మాట బిడ్డకు ఏ పరీక్షకన్నా ముందు పనికొస్తుంది.