బరువు మోసేది టైర్లు, మైలేజీ తినేది గాలి

కేపీహెచ్‌బీలో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్, శనివారం రాత్రి. కారు పైన రాక్‌కు రెండు సైకిళ్లు బిగించి ఉన్నాయి. ఒక కుర్రాడు డిక్కీ తెరిచి, అడుగున మ్యాట్ ఎత్తి, స్టెప్నీ విప్పుతున్నాడు. దాన్ని దొర్లించుకెళ్లి వాచ్‌మన్ కుర్చీ పక్కన గోడకు ఆనించాడు. జాకీ, వీల్ స్పానర్ కూడా అక్కడే వదిలేశాడు. ఎందుకు బాబూ అని అడిగితే, "పైన సైకిళ్ల బరువు ఎక్కింది కదండీ, కింద ఇంత దించేస్తే మైలేజీ సరిపోతుంది" అన్నాడు. తెల్లారితే భార్యతో అనంతగిరి ప్రయాణం.

ఈ మాట ఆ కుర్రాడు సొంతంగా పుట్టించింది కాదు. కూకట్‌పల్లి, నిజాంపేట, మియాపూర్ వైపు నుంచి ఆదివారాలు సైకిళ్లు కట్టుకుని బయల్దేరేవాళ్లలో చాలామంది నోట ఇదే వింటున్నాను. "నష్టం బరువు వల్లే, బరువు తగ్గిస్తే చాలు" అని గట్టిగా నమ్ముతున్నారు. ఔటర్ రింగ్ రోడ్డు మీద సైకిళ్లను, బైకులను ఎక్కనివ్వరు కాబట్టి దూరం వెళ్లి తొక్కాలంటే వాటిని కారు మీదికి ఎక్కించక తప్పదు. అలాంటి ప్రయాణానికి స్టెప్నీ లేకుండా పోవడం అంటే, వంద మీద లారీలు దూసుకుపోయే రోడ్డు అంచున భార్యాపిల్లలతో గంటల తరబడి నిలబడటానికి సిద్ధపడటమే. ఒక తప్పుడు లెక్క ఇంత ప్రమాదం దాకా తీసుకెళ్తోంది కాబట్టి ఆ లెక్కే ముందు చూద్దాం.

మామూలు సైకిలు బరువు 12 నుంచి 15 కిలోలు. రెండు సైకిళ్లు, రాక్ కలిపితే 40 కిలోల లోపే. అమెరికా ప్రభుత్వ ఇంధన పొదుపు విభాగం చెప్పే లెక్క ప్రకారం కారులో 45 కిలోల బరువు పెరిగితే మైలేజీ తగ్గేది ఒక శాతం చుట్టూ. అంటే మీ రెండు సైకిళ్ల బరువు వల్ల పోయేది ఆ ఒక్క శాతం లోపే. స్టెప్నీ తీస్తే మిగిలేది అందులో మూడో వంతు. లీటరుకు 18 కిలోమీటర్లు ఇచ్చే కారులో అది మీటరు మీద కనిపించనే కనిపించదు.

మరి మైలేజీ నిజంగా పడిపోతోందిగా? పడుతోంది. ఆ పని గాలి చేస్తోంది.

కారు బాడీని గాలి సాఫీగా జారిపోయేలా తీర్చిదిద్దుతారు. సైకిల్లో అలాంటిదేమీ లేదు. ఫ్రేము గొట్టాలు, హ్యాండిలు, పెడళ్లు, చువ్వలు... గుండ్రటి గొట్టాన్ని దాటాక గాలి మళ్లీ కలిసిపోకుండా వెనకాల సుడులు తిరుగుతుంది. ఆ సుడులే బండిని వెనక్కి లాగుతాయి. గాలికి ఎదురయ్యే వైశాల్యం సమానంగా తీసుకుంటే, గుండ్రటి గొట్టం మీద పడే లాగుడు కారు బాడీ మీద పడేదానికి మూడు రెట్లు, ఇంకా ఎక్కువే. "సన్నటి గొట్టాలే కదా, గాలి పక్కనుంచి పోతుంది" అన్న మాట తప్పయ్యేది ఇక్కడే. లక్షలు పోసి కార్బన్ ఫ్రేము కొన్నవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. ఫ్రేము ఎంత తేలికైనా గాలికి అడ్డం నిలబడేది అంతే.

ఇక వేగం. గాలి ఒత్తిడి వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకు 60 కిలోమీటర్లలో ఉన్న ఒత్తిడి 100 దగ్గర దాదాపు 2.8 రెట్లు, 120 దగ్గర సరిగ్గా నాలుగు రెట్లు. పైన పెద్ద లగేజీ పెట్టె ఉంటే ఊళ్లో 2 నుంచి 8 శాతం, మామూలు హైవే మీద 6 నుంచి 17 శాతం, గంటకు 105 నుంచి 120 కిలోమీటర్ల వేగంలో 10 నుంచి 25 శాతం మైలేజీ పోతుందని అదే అమెరికా విభాగం చెబుతోంది. సైకిళ్ల ఆకారం పెట్టెకంటే అధ్వానం. కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ కారు పైన రెండు సైకిళ్లు కట్టి గంటకు సుమారు 105 కిలోమీటర్ల వేగంతో నడిపి చూస్తే నాలుగో వంతుకు పైగా మైలేజీ పోయింది. బరువుకు ఒక శాతం, గాలికి పాతిక శాతం. వీటిలో దేనితో పోరాడాలో ఇంకా వివరించాల్సిన అవసరం లేదనుకుంటాను.

లీటర్లలో చూడండి. 18 ఇచ్చే కారు 14కు పడితే, అనంతగిరి వెళ్లి రావడానికి అయ్యే సుమారు 160 కిలోమీటర్లకు రెండున్నర లీటర్లు అదనం. ఎలక్ట్రిక్ కారు అయితే ఇదే నష్టం రేంజిలో కనిపిస్తుంది. ఛార్జింగ్ ఎక్కడ పెట్టాలన్న లెక్క దారిలోనే మారిపోతుంది.

ఒక వాదనను మాత్రం ఒప్పుకోక తప్పదు. "ఎన్నోసార్లు సైకిళ్లు పెట్టుకుని వెళ్లాను, మైలేజీ తేడా రాలేదు" అనేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. జేఎన్‌టీయూ దగ్గర బయల్దేరి, సైబర్ టవర్స్, బయోడైవర్సిటీ మీదుగా నానక్‌రామ్‌గూడ చేరి, 2023 అక్టోబరులో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ మీద తొక్కి వెనక్కి వచ్చేవాళ్ల కారు దారంతా నలభై దాటేది తక్కువ. ఆ వేగంలో గాలి బలం కొంచెమే. అక్కడ పెట్రోలు తాగేది సిగ్నళ్లు, బ్రేకులు. కాబట్టి ఊళ్లో వరకూ వాళ్ల మాట దాదాపు నిజం. ఆ అనుభవాన్నే పట్టుకుని ఔటర్ ఎక్కగానే 120 కొట్టడం మాత్రం సరికాదు.

అంతకంటే భయపడాల్సింది లారీ సలహా. పెద్ద లారీ వెనకాల అంటుకుని పోతే గాలి తగలదు, మైలేజీ కలిసొస్తుందట. గాలి తగ్గే మాట నిజమే, కానీ అది తెలిసేంత దగ్గరగా పోతే బ్రేకు వేసే చోటు మిగలదు. వంద మీద బండి ఒక్క సెకనులో 28 మీటర్లు పోతుంది. లారీ ఉన్నట్టుండి ఆగితే మీ కాలు బ్రేకు మీదికి చేరేలోపే అయిపోతుంది. రెండు లీటర్ల కోసం దయచేసి ఈ పని చేయకండి.

చిన్నాచితకా నమ్మకాలు ఇంకా ఉన్నాయి. సైకిలు వెనక్కి తిప్పి పెట్టినా పెద్దగా మారేదేమీ లేదు. ముందు చక్రం తీస్తే కొంత మేలు, సగం తగ్గుతుందన్నది కల్ల. వర్షానికని సైకిళ్ల మీద కవరు తొడిగి పరిగెత్తించడం మాత్రం తప్పే. అప్పటిదాకా గొట్టాల మధ్య నుంచి పోయే గాలి కూడా కవరుకు కొట్టుకుంటుంది, కట్లు తెగే ప్రమాదం వేరే.

ఖాళీ రాక్ సంగతి ఎవరూ పట్టించుకోరు. నెలకోసారి సైకిలు ఎక్కించే రాక్ ఏడాదంతా కారు మీదే ఉంటుంది. పైన ఏమీ లేదు కాబట్టి బరువు లేదు, బరువు లేదు కాబట్టి నష్టం లేదు అనుకుంటారు. మళ్లీ అదే తప్పు లెక్క. యూచే చెన్, అలన్ మైయర్ అనే ఇద్దరు పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 2015లో అమెరికాలో రూఫ్ రాక్‌ల వల్ల అదనంగా కాలిన పెట్రోలు పది కోట్ల గ్యాలన్లు, మన లెక్కలో సుమారు 38 కోట్ల లీటర్లు. వాడనప్పుడు రాక్ తీసేస్తే పెద్ద పొదుపు ఉందని వాళ్లు తేల్చారు.

అందుకని, స్టెప్నీ ఉన్నచోటే ఉంచండి, ప్రయాణానికి ముందు దానిలో గాలి కూడా చూసుకోండి. ఒకటే సైకిలైతే వెనక సీటు మడిచి, ముందు చక్రం విప్పి లోపలే పెట్టండి, నష్టమే ఉండదు. వెనక డిక్కీకి తగిలించే క్యారియర్ అయితే పైన కట్టినదాంట్లో సగం నష్టం కూడా ఉండదు. అయితే నంబరు ప్లేటు, వెనక లైట్లు కప్పబడిపోకూడదు. పైనే పెట్టాల్సి వస్తే, రూఫ్ ఎంత బరువు మోస్తుందో కారు మాన్యువల్‌లో చూసుకుని కట్టండి. ఔటర్ మీద ఎడమ వైపు లేన్లు పట్టుకుని 80 దాటకండి. 100 నుంచి 80కి దిగితే గాలి ఒత్తిడి మూడో వంతుకు పైగా తగ్గుతుంది, సైకిళ్లు తెచ్చిపెట్టిన అదనపు భారం చాలావరకు అక్కడే పోతుంది. టోల్ దాటి సర్వీసు రోడ్డులోకి దిగాక ఒకసారి ఆగి పట్టీలు బిగుతుగా ఉన్నాయో లేదో చేత్తో లాగి చూడండి. తిరిగి వచ్చాక సెల్లార్ ర్యాంపు దిగకముందే సైకిళ్లు దించాలి, రెండున్నర మీటర్లు దాటిన ఎత్తుతో చాలా సెల్లార్లలోకి దూరలేరు. ఆ చేత్తోనే రాక్ కూడా విప్పి, బోల్టులు ఒక డబ్బాలో వేసి డిక్కీలో పెట్టుకోండి.