పక్షుల పాటయు, పక్షుల ఆరోగ్యమును

వేకువజామున మామిడికొమ్మపై పెద్దనలంచి పాడుచుండగా విని సంతోషింపనివారుండరు. కాని ఆ పాట దానికెట్లు వచ్చినదని యోచించువారు కొద్దిమందియే. పుట్టుకతోనే వచ్చినదని పెక్కుమంది తలంతురు. అది సరికాదని శాస్త్రజ్ఞులు నిరూపించియున్నారు. పాట పక్షి నేర్చుకొనవలసిన విద్య. ఆ విద్య అబ్బుటకు ఒంటిలో ఆరోగ్యమును, చెవికి సోకునంత దూరములో పాడగల పెద్దలును ఉండవలెను. ఈ రెంటిలో ఏది కొరవడినను పాట చెడును. ఈ సంగతి విపులముగా తెలుపుట యీ వ్యాసోద్దేశము. పిల్లల బడిపత్రికలో పక్షుల జబ్బుల ప్రసంగమేలయని తల్లిదండ్రులు శంకింపవలదు. చివరి వరకు చదివినచో మా ఉద్దేశము తేటపడును.

మొదట గాయకపక్షులనగా నేవో చెప్పుదుము. మన కవులు వేనోళ్ల కొనియాడిన కోకిల శాస్త్రరీత్యా ఆ వర్గమునకు చెందదు! పిచ్చుక, పికిలిపిట్ట, గోరింక, పెద్దనలంచి, కడకు కాకి కూడ ఆ వర్గములోనివే. కోకిల కాకిగూటిలో పెరుగును. అందుచేతనే దానికి పరభృతమని పేరు. అయినను అది కాకివలె అరవక తన కూతయే కూయును. ఆ కూత దానికి జన్మసిద్ధము. గాయకపక్షుల సంగతి అట్లు కాదు. ఇంగ్లండులో థోర్పు పండితుడును, అమెరికాలో పీటరు మార్లరును 1950, 1960 దశకములలో పక్షిపిల్లలను పెద్దల పాట వినబడకుండ పెంచి చూచిరి. అవి పెద్దవై పాడబోగా సరియైన పాట రాలేదు. ఏదో వికృతమైన ధ్వని మాత్రము వచ్చినది. మార్లరు పరీక్షించిన తెల్లతల పిచ్చుకలలో పుట్టిన పదవ దినము మొదలు సుమారు ఏబదవ దినము వరకు పాట వినవలసిన కాలమని తేలినది. ఆ గడువు దాటిన పిమ్మట వినిపించిన పాట వంటబట్టలేదు. అంతేకాక, ఒకే జాతి పిచ్చుకల పాటలో ఊరికొక యాస యుండుననియు, పిల్ల తాను పెరిగిన చోటి యాసనే పట్టుకొనుననియు ఆయన చూపెను.

ఇక పరాన్నజీవుల మాట. మనకు మలేరియా కలిగించు సూక్ష్మజీవుల వంటివే పక్షుల రక్తములోను నివసించును. అవి పక్షులకు వచ్చునే కాని మనకు రావు. ఈ పక్షి మలేరియా మానవజాతికి చేసిన మేలొకటి కలదు. 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదు చెంతనున్న బేగంపేటలో సర్ రోనాల్డు రాసు, జ్వరపీడితుని రక్తము త్రాగిన దోమ పొట్టలో మలేరియా క్రిమిని కనుగొనెను. ఆ క్రిమి దోమనుండి మరల ప్రాణికి ఎట్లు చేరునో తెలిసికొనుట మిగిలినది. 1898లో కలకత్తాలో ఆయన మనుష్యులకు బదులు పక్షులతో ఆ పని సాధించెను. క్రిమి దోమ లాలాజల గ్రంథులను చేరుటయు, ఆ దోమ కాటుచే ఆరోగ్యముగానున్న పిచ్చుకలకు జబ్బు సోకుటయు ఆయన కన్నులార చూచెను. 1902లో ఆయనకు నోబెలు బహుమానము లభించెను. నేడు మనము దోమతెర కట్టుకొనుచున్నామన్న, కలకత్తా పిచ్చుకలకు మనము ఋణపడియున్నామన్నమాట.

అడవిపక్షుల ఆరోగ్యమును పరీక్షించు విధానము క్లిష్టమైనది కాదు గాని ఓర్పు కావలెను. సన్నని వలలు కట్టి పక్షులను గాయపడకుండ పట్టుదురు. రెక్కక్రింది సిరనుండి ఒక చుక్క రక్తము తీసి, కాలికి గుర్తుకడియము తొడిగి విడిచిపెట్టుదురు. ఆ రక్తమును గాజుపలకపై పూసి రంగువేసి సూక్ష్మదర్శినితో చూతురు. నేడు ప్రయోగశాలలలో క్రిమియొక్క జన్యుపదార్థమును వేలరెట్లు పెంచి గుర్తించు పద్ధతియు కలదు. అదే పక్షి పాటను యంత్రముపై ఎక్కించి, ధ్వనిని చిత్రరూపమున గీయించి, అందెన్ని పలుకులున్నవో లెక్కింతురు. పిదప రక్తపు లెక్కను, పాటల లెక్కను ప్రక్కప్రక్కన పెట్టి పోల్తురు.

పాటకును జబ్బుకును సంబంధముండవచ్చునని 1982లో హామిల్టను, మార్లీను జూకు అను శాస్త్రజ్ఞులు ఒక సిద్ధాంతము ప్రతిపాదించిరి. మగపక్షి రంగును పాటయు దాని రోగనిరోధకశక్తికి గుర్తులనియు, ఆడపక్షి వానిని చూచియే జతను ఎన్నుకొనుననియు వారి వాదము. దీనిపై పిదప జరిగిన పరిశోధనలన్నియు ఒక్క తీరుగా రాలేదు. కొన్ని సమర్థించినవి, కొన్ని కాదన్నవి. సమర్థించినవానిలో 1999లో ప్రకటితమైన దొకటి ముఖ్యము. తుంగపొదలలో నివసించు ఒక చిన్న పిట్టను పరీక్షింపగా, రక్తమున క్రిములున్న మగపక్షుల పాటలో పలుకుల రకములు తక్కువగానుండినవి.

ఇట్టి పోలికలో ఒక చిక్కు కలదు. జబ్బువలన పాట తగ్గినదా, లేక బలహీనమైన పక్షికే జబ్బును వచ్చి పాటయు తగ్గినదా? దీనిని తేల్చుటకు 2005లో కొందరు పరిశోధకులు కేనరీ పక్షిపిల్లలకు మలేరియా క్రిములను ఎక్కించి, అట్లు ఎక్కింపని పిల్లలతో పోల్చిచూచిరి. బాల్యమున జబ్బుపడిన పిల్లలు పెరిగిన పిమ్మట తక్కువ వైవిధ్యముగల పాట పాడినవి. మెదడులో పాటను నడుపు ముఖ్యకేంద్రము కూడ వానిలో చిన్నదై యుండెను. బాల్యములోని జ్వరము యౌవనములోని పాటపై ముద్రవేసినదని దీనివలన స్పష్టమైనది.

పైకి కనబడని జబ్బు మరింత మోసకారి. స్వీడను దేశమున క్విస్మారెన్ అను సరస్సు ఒడ్డున రెల్లుపొదలలో గూడుకట్టు ఒక పెద్ద పిట్టజాతిని లుండు విశ్వవిద్యాలయమువారు 1980 దశకము నుండి పరిశీలించుచున్నారు. ఈ పక్షులు శీతకాలమును ఆఫ్రికాలో గడపును. అక్కడ సోకిన మలేరియా తొలుత తీవ్రముగా వచ్చి, పిదప కొద్దిపాటి క్రిములతో ఒంటిలో నిలిచిపోవును. పక్షి ఎగురును, తినును, పాడును. చూచువారికి ఏ లోపమును తోచదు. కాని అట్టి పక్షుల జీవకణములలో క్రోమోజోముల కొనలను కాపాడు భాగములు త్వరగా అరిగిపోవుచున్నవనియు, అవి తక్కువకాలమే జీవించి తక్కువ పిల్లలను పెంచుచున్నవనియు 2015లో వారు వెల్లడించిరి.

ఇంతవరకు ఒక్కొక్క పక్షి సంగతి. జాతికంతకు జబ్బు సోకినచో ఏమగునో హవాయి ద్వీపములు చెప్పుచున్నవి. అక్కడ పూర్వము దోమలు లేవు. 1826 ప్రాంతమున ఓడల నీటిపీపాలతో దోమలు దిగినవని చెప్పుదురు. తరువాత పరదేశపు పక్షులతో మలేరియా క్రిమియు వచ్చినది. ఆ జబ్బు నెన్నడు నెరుగని అక్కడి పక్షులు తట్టుకొనలేకపోయినవి. ఇఈవీ అను ఎర్రని పిట్టపై పరీక్ష జరుపగా, క్రిమిగల దోమ ఒక్కటి కుట్టినంతనే పదింట తొమ్మిది చనిపోయినవి. చలి మిక్కుటమైన చోట దోమలో క్రిమి ఎదుగదు గనుక, మిగిలిన పక్షులు ఎత్తైన కొండలలో తలదాచుకొన్నవి. భూమి వేడెక్కుచుండుటచే ఇప్పుడు దోమలు అక్కడికిని ఎక్కుచున్నవి. కవాయి ద్వీపపు ఓఓ అను పక్షి పాట 1987లో చివరిసారి వినబడెను. 2023లో అమెరికా ప్రభుత్వము ఆ జాతి అంతరించినట్లు ప్రకటించెను. దాని పాట నేడు రికార్డులలో మాత్రమే కలదు.

ఆ ద్వీపముననే జరిగిన మరియొక పరిశోధన మమ్ము మిక్కిలి ఆలోచింపజేసినది. ఇంకను బ్రతికియున్న మూడు పక్షిజాతుల పాటలను సుమారు నలువది సంవత్సరముల కాలములో తీసిన రికార్డులలో పోల్చి 2019లో ఫలితములు ప్రకటించిరి. సంఖ్య తగ్గినకొలది మూడు జాతుల పాటలును వైవిధ్యము కోల్పోయి, ఒకదానినొకటి పోలుచున్నవట. పాడు పెద్దలు కరవైనప్పుడు పిల్లలు సగము పాట నేర్చుకొనును. వాని పిల్లలు అందులో సగము. పక్షి బ్రతికియుండగనే పాట చచ్చిపోవుట యిదియే.

తల్లిదండ్రులారా! పక్షులు వేరు, మనుష్యులు వేరు. పిట్టపై రుజువైనదెల్ల బిడ్డకు అన్వయింపరాదు. కాని బిడ్డల విషయమున వైద్యులు నిశ్చయముగా చెప్పు సంగతులు కొన్ని కలవు. కొంకిపురుగు ప్రేగులనంటి రక్తము పీల్చును. బిడ్డకు రక్తహీనత కలుగును. అలసట పెరిగి చదువుపై మనసు నిలువదు. మలేరియా మాటిమాటికి వచ్చినను అంతే. అట్టి బిడ్డ ఆడును, తినును, బడికి వచ్చును. స్వీడను పిట్టవలె పైకి ఏమియు తెలియదు. పద్యము అప్పగింపలేకపోయినచో ఇంటివారు మొద్దు అందురు, ఉపాధ్యాయులు సోమరి అందురు. ఆ మాట అనుటకు ముందు ఒకసారి రక్తపరీక్ష చేయించుడని మా ప్రార్థన. 2015 నుండి మన దేశమున జాతీయ నులిపురుగుల నిర్మూలన దినము జరుగుచున్నది. ఒకటి మొదలు పందొమ్మిది ఏండ్ల వారికి బడులలోను, అంగన్‌వాడీలలోను మాత్రలు ఉచితముగా ఇత్తురు. ఆ దినమున కడుపునొప్పి వచ్చునేమోయని బిడ్డను ఇంట నిలుపుకొనువారున్నారు. దయచేసి అట్లు చేయకుడు. పెరటిలో నీరు నిలువనీయకుడు. కాళ్లకు చెప్పులు లేక మరుగుదొడ్డికి పంపకుడు.

రెండవ సంగతి పాఠశాల ఒక్కటియే చేయజాలనిది. ఒడిశాలో పెరుగుచున్న మన పిల్లలకు వీధిలో, అంగడిలో, ఆటలో ఒడియాయే వినబడును. అది మంచిదే, ఆ భాషయు వారు చక్కగా నేర్వవలెను. కాని తెలుగు బడిగంటల సేపు మాత్రమే వినబడినచో, అది వారికి పరీక్షభాష అగును గాని పలుకుబడి కాజాలదు. మేము అక్షరములు నేర్పగలము, వ్యాకరణము నేర్పగలము. అమ్మమ్మ చెప్పు సామెతయు, తాతగారు భోజనపంక్తిలో చెప్పు కథయు మా వద్ద లేవు. వానికి గడువున్నది, ఆ గడువు ఇప్పుడు మీ యింట నడచుచున్నది. రాత్రి అన్నము వేళ అరగంటసేపు పిల్లలతో తెలుగున మాటాడుడు. వారు తప్పు పలికినను నవ్వక వినుడు.